తెర చాటున పడిన పాచిక

విజ్ఞాన పత్రికలో పాచికలాట ముచ్చటేమని కొందరు ఉపాధ్యాయ మిత్రులు నొసలు చిట్లింపవచ్చును. సంభావ్యతా గణితము ఎదిగినదే జూదపు బల్ల వద్ద. 1654లో పాస్కల్, ఫెర్మాలు ఉత్తరములు వ్రాసికొన్నది, నడుమ ఆగిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఎట్లు పంచవలెనన్న తగవును తీర్చుటకే. కనుక సంకోచము లేకుండ విషయమునకు వత్తును.

1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. బల్ల చుట్టు నలుగురైదుగురు కూర్చుండి, తలా ఒక పాత్రను ధరించి, నోటిమాటతోనే కథ నడుపుదురు. ఒకడు మాత్రము సూత్రధారి. అడవులు, కోటలు, శత్రువులు అన్నియు అతని వశము. కత్తి తగిలినదా, తప్పినదా అన్నది పాచిక తేల్చును. ఆ పాచికకు ఇరువది ముఖములు. ఒక్కొక్కటి సమబాహు త్రిభుజము. జ్యామితి చెప్పు ఉపాధ్యాయులకు ఇది చేత పట్టి చూపదగిన వస్తువు. ఏ ముఖమైనను పడుటకు సంభావ్యత 1/20. శత్రువునకు 20 పడెనా, దెబ్బ బలము సామాన్యముగా ఇనుమడించును.

సూత్రధారి తన ముందు ఒక అట్ట తెర నిలుపుకొని దాని చాటున పాచిక వేయుట వాడుక. అక్కడ పడిన అంకెను అతడు మార్చి చెప్పవచ్చునా? గైగాక్స్ 1979లో వ్రాసిన మార్గదర్శిని, పాచికను కాదను అధికారమును సూత్రధారికి ఇచ్చినది. 2014 నాటి మార్గదర్శిని సైతము, తెర చాటున వేసినచో ఫలితమును సవరించుకొను వీలున్నదని చెప్పుచున్నది. ఆట ఆనందము కొరకు గదా, ఒక్క పాడు అంకెకు మంచి కథ చెడిపోవలెనా అన్నది వారి వాదము. వినుటకు ఇంపుగానే ఉన్నది. నేనును నమ్మితిని.

తిరుపతిలో మా విద్యార్థులు కొందరు ఆదివారములందు ఈ ఆట ఆడుచుందురు. సూత్రధారిగా నన్ను కూర్చుండబెట్టిరి. ఒకనాడు ఒక బాలుని పాత్ర చావు బ్రతుకులలో ఉండగా తెర చాటున నాకు 20 పడినది. మూడు నెలలుగా వాడు ప్రేమతో పెంచుకొన్న పాత్ర అది. ‘ఏడు’ అంటిని. అందరు కేకలు వేసిరి; వాడు మాత్రము వేయలేదు. ఆట ముగిసిన పిమ్మట దగ్గరకు వచ్చి, “ఏసినాక శానాసేపు ఆగినారు సార్. అంకె చూసేదానికి అంతసేపెందుకు?” అన్నాడు. ఒప్పుకొంటిని. “కథ బాగుండాలని అట్ల చేసినానప్పా” అంటిని. అటు పిమ్మట వాడు గెలిచినను వాని మొగములో వెలుగు లేదు. పాత గెలుపులలో ఏది తనది, ఏది నేను దయతో ఇచ్చినది అని లెక్క వేసికొనుచున్నట్లుండెను.

లెక్క వేయవచ్చును గూడ. ఒక సాయంకాలము శత్రువులు 60 దెబ్బలు వేసిరనుకొందము. సగటున మూడుమార్లు 20 రావలెను. ఒక్కమారును రాకుండుటకు సంభావ్యత 19/20ని అరువదిమార్లు గుణించిన లబ్ధము, అనగా సుమారు 0.046. ఇరువదిరెండు సాయంకాలములకు ఒకటి అన్నమాట. అట్టిది జరిగినచో ఆటగానికి అనుమానము కలుగుట న్యాయమే. కాని నిజమైన పాచిక గూడ అప్పుడప్పుడు అట్లే పడును. అనుమానమును ఈ లెక్క పెంచగలదు గాని తీర్చలేదు. ఇక ఆటగాడు ముందుకు పోవలెనా, పారిపోవలెనా అని నిర్ణయించుకొనునది 1/20 అను అపాయమును నమ్మి. దానిని చాటుగా సున్న చేసిన సూత్రధారి వాని ధైర్యమునే బొమ్మ ధైర్యముగా మార్చుచున్నాడు. మార్గదర్శినులు ఈ నష్టమును తగినంత తూచలేదని నా అభియోగము.

ఒక మిత్రుడు నాకు అడ్డు తగిలినాడు. “మన చిత్తూరు పల్లెలలో భారతము ఆడరా? పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అందులో శకుని పాచిక ఎట్లు పడవలెనో ముందే తెలియును గదా! ఎవరైనా మోసమన్నారా?” అన్నాడు. మంచి ప్రశ్న. కాని ధర్మరాజు ఓడునని ఎరిగియే జనము చాపలు పరచుకొని కూర్చుందురు. అది ఆట అని వారికి ఎవరును చెప్పలేదు. అదే జనము వైకుంఠ ఏకాదశి జాగరణలో పరమపద సోపాన పటము పరచినప్పుడు, పెద్ద పాము నోట పడిన తాతనైనను తప్పించి పైమెట్టు ఎక్కించరు. సూత్రధారియు కథయే కావలెనన్నచో పాచికను ముట్టకుండ కథ చెప్పవచ్చును. శత్రువులను తగ్గించుట, దారి మార్చుట అతని చేతిలోనివే. అవన్నియు పాచిక వేయక ముందు చేయవలసినవి.

భారతముననే దీనికి ఎదురు ఉదాహరణము గలదు. నలోపాఖ్యానములో ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులను, కాయలను ఇన్నియని చెప్పును. తానికాయ, త్రిఫలములలోనిది, ప్రాచీనులకు పాచికయు అదే. నలుడు రాజుమాట గదా అని ఊరకుండడు. చెట్టును పడగొట్టి, కాయలు లెక్కించి, సరిపోయిన పిమ్మటనే ఆ విద్యను అడిగి గ్రహించును. ఆ తొందర ప్రయాణములో చెట్టు కొట్టుచు కూర్చున్నాడేమని చిన్నప్పుడు నాకు విసుగు కలిగెడిది. ఇప్పుడు ఆ ఘట్టమే నాకు మిక్కిలి ఇష్టము.

ప్రయోగశాలలో ఈ సంగతి మరింత గట్టిగా తగులును. మెండెల్ 1866లో ప్రకటించిన బఠాణీ లెక్కలను ఫిషర్ 1936లో పరీక్షించి, అవి సిద్ధాంతమునకు మితిమీరి దగ్గరగా ఉన్నవనెను. యాదృచ్ఛికముగా అంత చక్కగా కుదురుటకు అవకాశము లక్షకు ఏడు మాత్రమేనట. ఏమి కావలెనో తెలిసిన సహాయకుడెవడో దిద్దియుండునని ఆయన ఊహ. దానిపై వాదములు చాల కాలము నడచినవి. ఫిషర్ వద్ద కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన మన తెలుగువాడు సి. ఆర్. రావు (1920–2023) ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అను గ్రంథములో ఇట్టి దిద్దుబాటు లెక్కలను చర్చించినాడు.

నేను ‘ఏడు’ అని చెప్పిన రెండు వారములకు ఆ బాలుడే లఘులోలకము రికార్డు తెచ్చినాడు. ఐదు పొడవులు, ఐదింటికిని గురుత్వ త్వరణము సరిగా 980. చేతి గడియారముతో 20 డోలనములు కొలిచినప్పుడు, 40 సెకండ్లలో 0.2 సెకండు తప్పుట సహజము. అంతటితోనే ఫలితము సుమారు 10 మారును. 971, 986 వచ్చినచో అనుమానింపకపోదును. పైగా పుస్తకములోని 980.665 అను ప్రమాణ విలువ 45 అక్షాంశము ప్రాంతమునకు సరిపోవునది. పదమూడున్నర దాటిన మన తిరుపతి అక్షాంశమున అది సుమారు 978.3 సెం.మీ. పాపము, వాడు దొంగిలించిన విలువ మన ఊరిది గూడ కాదు.

“ఎట్లొచ్చిందప్పా ఇది?” అంటిని.

“ఆన్సరు బాగుండాలని సార్” అన్నాడు, తల దించకుండ.

నేను రికార్డు తిప్పి ఇచ్చితిని, ఏమియు అనలేకపోతిని. ఆ ఆదివారము అట్ట తెర తీసివేసి, పాచికను బల్ల నడుమ వేసితిని. నాల్గవ దెబ్బకే 20 పడినది, వాని పాత్ర మీదనే. అందరును నా మొగము చూచిరి. వాడు పాచికను చేతిలోనికి తీసికొని, ముఖములన్నియు తిప్పి చూచి, మరల బల్లమీద పెట్టినాడు. పిదప ఒక తెల్లకాగితము అడిగి తీసికొని, క్రొత్త పాత్రకు పేరు వ్రాయనారంభించినాడు.