చారిత్రకచిత్రం నుండి చారిత్రకనవలకు: అడివి బాపిరాజు దృశ్యరచనలో అమరావతి

వ్యాససంగ్రహం: అడివి బాపిరాజు (1895–1952) కుంచెతోనూ కలంతోనూ చరిత్రను రూపించారు. ఆయన చిత్రం చారిత్రకవ్యక్తిని ఎన్నుకోగా, చారిత్రకసంఘటన నవలలోకి తరలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ తరలింపునకు గల కారణాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అడివి బాపిరాజు, చారిత్రకచిత్రం, అమరావతి శిల్పం, హిమబిందు.

1. ఉపోద్ఘాతం

రాజమండ్రిలో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ శిక్షణ బాపిరాజు చిత్రకళకు పునాదులు. ‘సముద్రగుప్తుడు’, ‘తిక్కన’ ఆయన ప్రసిద్ధచిత్రాలు. ఈ రెండు శీర్షికలూ వ్యక్తులనే పేర్కొంటాయి. యుద్ధాన్నిగాని సభనుగాని సూచించవు. సంఘటనాత్మకచిత్రణ ఆయన కుంచెకు ఎందుకు ప్రధానం కాలేదన్నది విచారణీయం.

2. పోషణ – సాక్ష్యం

చారిత్రకచిత్రం బలంగా వేళ్లూనిన అమెరికాతో పోల్చితే కారణం కొంత స్పష్టమవుతుంది. జాన్ ట్రంబుల్ స్వాతంత్ర్యయుద్ధంలో స్వయంగా పనిచేశాడు. స్వాతంత్ర్యప్రకటన చిత్రంలోని పలువురి ముఖాలను ఎదుట కూర్చోబెట్టుకొని చిత్రించాడు. 1817లో అక్కడి చట్టసభ తన భవనానికి నాలుగు చిత్రాలను అతనికి అప్పగించింది. బాపిరాజుకు అటువంటి సమకాలీనసాక్ష్యమూ లేదు, రాజ్యం చూపిన గోడా లేదు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1953లో.

3. అమరావతి ఇచ్చినది, ఇవ్వనిది

తెలుగు చిత్రకారునికి దక్కిన ప్రాచీన దృశ్యసాక్ష్యాలలో ప్రధానమైనది పూర్వపు సత్తెనపల్లి తాలూకాలోని అమరావతి స్తూపశిల్పం. అదీ చెదిరిపోయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు, అక్కడినుండి చాలావరకు లండనుకు చేరాయి. మిగిలిన శిల్పం వస్త్రాలను, ఆభరణాలను, రథాలను, వీధులను చూపుతుంది గాని బుద్ధచరిత్రను, జాతకాలనే ప్రధానంగా చెబుతుంది. శాతవాహన రాజకీయచరిత్రను చెప్పదు. పైగా దాని కథనరీతి వేరు. మద్రాసు మ్యూజియంలోని నలగిరి ఫలకంలో ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: వీధిలో చెలరేగుతూ ఒకసారి, బుద్ధుని పాదాలచెంత మోకరిల్లి మరొకసారి. ఇక్కడ కాలం నిలిచిపోదు, నడుస్తుంది.

4. నవలలో చిత్రం

నడిచే ఈ కాలానికి నవల అనువైన ప్రక్రియ. ధాన్యకటకం నేపథ్యంగా సాగే ‘హిమబిందు’లో శిల్పి కుటుంబానికి కీలకస్థానం ఇవ్వడం యాదృచ్ఛికం కాదు. రాజకీయచరిత్ర మౌనం వహించిన చోట శిల్పం చూపిన వేషభూషలు కథకు ఆధారమయ్యాయి. వర్ణనలు కథాగమనాన్ని అడ్డగిస్తాయన్న ఆక్షేపణ కొంతవరకు సమంజసమే అయినా, అవి చిత్రకారుడు వేయని చిత్రాలన్న దృష్టితో చదివినప్పుడు వాటి ప్రయోజనం బోధపడుతుంది.

అయితే ఈ పద్ధతికి పరిమితి ఉంది. ఇమాన్యుయెల్ లూట్జ్ 1851లో వాషింగ్టన్ డెలావేర్ నది దాటడాన్ని చిత్రిస్తూ, 1776 డిసెంబరు నాటి పడవలో 1777లో ఆమోదం పొందిన జెండాను నిలిపాడు. ప్రాకృతశాసనాల శాతవాహనులపై 20వ శతాబ్దపు ఆంధ్రాభిమానాన్ని నిలిపిన బాపిరాజు రచనలోనూ అటువంటి కాలవ్యత్యయమే ఉంది. ఆభరణం శిల్పం నుండి వచ్చింది. అభిమానం ఆంధ్రోద్యమకాలం నుండి వచ్చింది.

5. ముగింపు

బాపిరాజు చిత్రాలనూ నవలలనూ వేర్వేరు శాఖలుగా అధ్యయనం చేయడం వల్ల ఆయన చారిత్రకదృష్టి సగమే కనిపిస్తుంది. ‘హిమబిందు’ వర్ణనలను అమరావతి ఫలకాలతో పక్కపక్కన పరిశీలిస్తేనే వాటిలో సాక్ష్యమెంతో, ఆకాంక్ష ఎంతో తేలుతుంది. చారిత్రకనవలను చరిత్రగా స్వీకరించే అలవాటు బలంగా ఉన్నందున ఈ విభజన అవసరం.