ముక్కాలి చెక్క గిన్నె

కాళ్లున్న మంచి చెక్క గిన్నెకు కాళ్లు అతికించరు. గిన్నెను తరిమెన పట్టేటప్పుడే అడుగున గుండ్రంగా ఒక కట్టు వదిలిపెడతారు. లోపలా బయటా పని అయ్యాక, ఆ కట్టులో అక్కర్లేని చెక్కను ఉలితో తీసేస్తే మిగిలినవే కాళ్లు. విడిగా చేసి జిగురు పెట్టి దించిన కాళ్లు కూడా కొత్తలో ఇలాగే కనిపిస్తాయి. కానీ చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. ఆ లాగులాటకు ముందుగా లొంగేది అతుకే. ఒకే మొద్దులోంచి వచ్చిన కాలికి ఆ బెడద లేదు. అందుకే కాళ్ల సంగతి మొద్దు కోసే రోజునే తేలిపోవాలి.

ఈ గిన్నెకు రెండు విద్యలు కావాలి. తరిమెన మీద తిరిగేదంతా గుండ్రంగానే వస్తుంది. కాళ్ల మధ్య ఖాళీని ఏ యంత్రపు తిప్పుడూ తీయలేదు, అది చేతి ఉలి పని. ఆంధ్రలో ఈ రెండు విద్యలూ వేర్వేరు ఊళ్లలో పెరిగాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క పూస్తారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చుట్టుపక్కల అడవి కర్రతో గరిటెలు, చెంచాలు చేత్తో చెక్కుతారు. ముక్కాలి గిన్నె ఈ రెండు పనులూ కలిసేచోట పుడుతుంది. మన పనివాళ్లు దీన్ని ఇంకా విరివిగా చేపట్టవలసింది.

కర్ర ఎంపికలో తొందర పనికిరాదు. మామిడి చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఉలికి బాగా లొంగుతుంది. కానీ చేవ లేని తెల్ల భాగాన్ని పురుగు త్వరగా పడుతుంది. వేప చేదు తిండి గిన్నెకు నప్పదు. చింత చేవ గట్టిది, మాంసం కొట్టే మొద్దుగా వాడేది అందుకే. చేతి ఉలితో దానిలో కాళ్లు తీయడం మాత్రం చాలా కష్టం. ఈ పనికి అన్నివిధాలా తగినది పనస. బొబ్బిలి వీణలు చేసేది ఆ కర్రతోనే. కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. గిన్నె గోడ పలచన చేసినా నిలబడుతుంది, కాలి అంచు చెక్కితే చెదరదు.

మొద్దును నిలువునా రెండుగా చీల్చి, నడిమధ్య ఉండే గుండె భాగాన్ని తీసి పారేయాలి. అది ఉంటే ఎండేటప్పుడు బీటలు అక్కడినుంచే మొదలవుతాయి. మిగిలిన సగంలోంచి గుండ్రంగా బిళ్ల కోస్తారు. ఇలా కోసినప్పుడు చెక్క నార గిన్నెకు అడ్డంగా, నేలకు సమాంతరంగా పడుతుంది. తర్వాత కాళ్ల బలాన్నీ బలహీనతనూ నిర్ణయించేది ఈ ఒక్క సంగతే.

పచ్చి చెక్క ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. నిలువు నార దిశలో తగ్గుదల దాదాపు ఉండదు. మానులోని వలయాల వెంట వచ్చే తగ్గుదల, గుండె నుంచి బెరడు వైపు వచ్చే తగ్గుదలకు సుమారు రెట్టింపు. అందువల్ల గుండ్రంగా తిప్పిన పచ్చి గిన్నె ఎండాక కోలగా మారుతుంది. దీనికి మార్గం రెండు విడతల పని. మొదటి విడతలో గోడను వ్యాసంలో పదో వంతు మందం ఉంచి మోటుగా తిప్పుతారు. 250 మిల్లీమీటర్ల గిన్నెకు 25 మిల్లీమీటర్ల గోడ అన్నమాట. అడుగు కట్టును కూడా అంతే ధారాళంగా వదలాలి, ఎందుకంటే అదీ కోల అవుతుంది. నార కొసలు తేలిన చోట్ల మైనం రాసి, గాలి మెల్లగా ఆడే నీడలో కొన్ని నెలలు ఉంచుతారు. బరువు తూచినప్పుడల్లా తగ్గుతూ వచ్చి ఒకచోట ఆగిపోతే గిన్నె ఎండినట్టు.

రెండో విడతలో గిన్నె మూతి కాబోయే వైపును మరకు బిగించి, ముందు అడుగూ బయటి గోడా తిప్పుతారు. నిమిషానికి 1000 చుట్లు తిరిగే 250 మిల్లీమీటర్ల చెక్క అంచు గంటకు 47 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. కాబట్టి కోలతనం పోయి తూకం కుదిరేదాకా అందులో సగం వేగం చాలు. బయటి గోడ మీద గాడి ఉలిని అడుగు నుంచి అంచు వైపు నడపాలి, లోపలి గోడ మీద అంచు నుంచి నడుమకు. ఇలా అయితే తెగే ప్రతి నారకూ వెనక ఇంకో నార ఆసరాగా ఉంటుంది. ఎదురు నడిపితే నార తెగదు, ఊడి వస్తుంది. ఆ గరుకు ఎంత ఉప్పు కాగితం రుద్దినా పోదు.

ఇక్కడ వంపు ఒక్కటే, కట్టు దానికి అడ్డంగా నిలిచిన గట్టు. అంచు నుంచి దిగివచ్చే గోడ వంపు కట్టు దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది కట్టు కిందుగా సాగి అవతల గిన్నె పొట్టగా బయటపడాలి. అందుకని కట్టుకు బయటా లోపలా రెండు వైపులా ఆ వంపును మర మీదే తేల్చేస్తారు. రేపు చేత్తో చెక్కేవాడికి ఈ రెండు ఒడ్లే ఆధారం. మధ్యలోని చెక్కను తీసేసి వాటిని కలపడమే అతని పని. ఈ ఒడ్లు ఒకే వంపులో లేకపోతే తర్వాత ఎంత నేర్పరి ఉలి అయినా దాన్ని సరిచేయలేదు.

బయటి పని అయ్యాక గిన్నెను తిరగేసి, అదే కట్టును మర పళ్ల మధ్య బిగిస్తారు. గిన్నెను పట్టుకునే పిడి, రేపటి కాళ్లు రెండూ అదే. ఇక లోపల తొలవడం. గిన్నెలు ఎక్కువగా పాడయ్యేది ఈ దశలోనే. లోతును మొత్తం ఎత్తు చూసి కాదు, కట్టు లేదనుకుని లెక్కగట్టాలి. గిన్నె ఎత్తు 90 మిల్లీమీటర్లు, పొట్టకూ నేలకూ మధ్య ఖాళీ 12, అడుగు మందం 10 అనుకుంటే లోపలి లోతు 68 దాటకూడదు. కట్టు ఎత్తును కూడా చెక్క మందంలో కలుపుకుని ఇంకో పది మిల్లీమీటర్లు దిగితే, మర మీద ఏ తేడా తెలియదు. కాళ్ల మధ్య చెక్క తీసే రోజున వెలుతురు కనిపిస్తుంది.

కాళ్లు మూడే ఎందుకు? మూడు బిందువులు ఎలా ఉన్నా ఒకే తలంలో ఉంటాయి. కాబట్టి మూడు కాళ్ల గిన్నె గచ్చు మీదైనా, మట్టి అరుగు మీదైనా ఊగదు. రెండు విడతల్లో ఎండబెట్టిన చెక్క కూడా రుతువును బట్టి కొద్దిగా కదులుతూనే ఉంటుంది. నాలుగు కాళ్ల గిన్నెకు ఒక కాలు గాలిలో లేవడానికి అర మిల్లీమీటరు చాలు. అయితే మూడు కాళ్లకు ఒక మూల్యం ఉంది. కాళ్లు నిలిచే వలయం మధ్య నుంచి రెండు కాళ్లను కలిపే గీతకు దూరం, మూడు కాళ్లయితే వ్యాసార్థంలో సగమే. నాలుగయితే 70 శాతం, ఐదయితే 80 శాతం పైచిలుకు. రెండు కాళ్ల నడిమి అంచు మీద చెయ్యి మోపితే ముక్కాలి గిన్నె తేలిగ్గా ఒరిగేది ఇందుకే. విరుగుడుగా కట్టు వ్యాసాన్ని మూతి వ్యాసంలో సగానికి తగ్గకుండా ఉంచాలి: 240 మిల్లీమీటర్ల మూతికి 130 మిల్లీమీటర్ల కట్టు. చూపుకు కొంత బరువుగా ఉంటుంది నిజమే, కానీ వాడుకకు అదే సరైన కొలత.

నాలుగు కాళ్లు నప్పే చోటూ ఉంది. ఫిజీ దీవుల్లో యాంగోనా పానీయం కలిపే తనోవా గిన్నెకు నాలుగు కాళ్లు, పెద్దదయితే ఇంకా ఎక్కువ ఉంటాయి. వేసి అనే గట్టి కర్ర మొద్దులోంచి కాళ్లతో సహా దాన్ని ఒకటిగా చెక్కుతారు. తనోవాను పెట్టేది చాప మీద. కాళ్ల మధ్య చిన్న హెచ్చుతగ్గులను చాప మింగేస్తుంది.

మూడు కాళ్లు గుర్తు పెట్టడానికి వృత్తలేఖిని ఒక్కటే చాలు. కట్టు బయటి వ్యాసార్థానికి దాన్ని తెరిచి, అదే కొలతతో కట్టు చుట్టూ నడిపితే సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే మూడు కాళ్లు. మొదటి గుర్తును నార దిశ మీద పెడితే మిగిలిన రెండూ నారకు అటూ ఇటూ జతగా కూర్చుంటాయి. ప్రతి గుర్తుకూ రెండు వైపులా కాలి వెడల్పు గీసి, మిగతాదంతా పెన్సిలుతో నల్లగా నింపేయాలి. తీసేసే చెక్కను ఇలా గుర్తుపెట్టడం చిన్నపిల్లల పనిలా కనిపించవచ్చు. తలకిందులుగా ఉన్న గిన్నె మీద ఉంచాల్సిన కాలినే కోసేయడం ఎంత సులువో ఈ పని చేసేవాళ్లకు తెలుసు.

సన్నపళ్ల రంపంతో కాలి గీతకు కొంచెం ఇవతల, పొట్ట వంపుకు రెండు మిల్లీమీటర్ల పైన ఆగేలా కోతలు పెడతారు. మధ్యలో ఇంకో నాలుగైదు కోతలు పెడితే చెక్క పలకలు పలకలుగా విడుతుంది. ఆ పలకల్ని ఉలితో ఒక్కొక్కటిగా ఊడదీయాలి. నార వెంట సాగే ఖాళీలో పలక ఒక్క దెబ్బకు లేచి వస్తుంది. ఆ తేలికను నమ్మకూడదు, చీలిక పొట్టలోకి పాకుతుంది. ఉలిని వాలు వైపు తిప్పి పట్టుకుని, చేత్తోనే తోస్తూ, పలచగా తీయడం క్షేమం. ఆఖరి రెండు మిల్లీమీటర్లు గాడి ఉలితో, ఆ తర్వాత ఆకురాయితో. అప్పుడు కళ్లను పక్కనబెట్టి అరచేతిని నమ్ముకోవాలి. కట్టు ఉన్నచోట చిన్న బొడిపె మిగిలినా బొటనవేలికి తగులుతుంది. దీపాన్ని పక్కనుంచి పట్టుకుంటే నీడ కూడా చెబుతుంది. మూడు ఖాళీల్లోనూ గిన్నె పొట్ట ఎక్కడా తెగకుండా సాగిందంటే, అసలు అక్కడ కట్టు ఉండేదని ఎవరూ కనిపెట్టలేరు.

కాలి ఆకారం దగ్గర కొంత నిగ్రహం అవసరం. నార అడ్డంగా ఉంది కాబట్టి నిలువు కాలిలో ప్రతి నారా పొట్టిదే. పక్కనుంచి దెబ్బ తగిలితే కాలు మొదట్లో, నార వెంటే విరుగుతుంది. సన్నగా పొడుగ్గా వంపులు తిరిగిన కాళ్లు మేజా కింద అందంగా ఉంటాయి, గిన్నె కింద ఉండవు. ఎత్తు తక్కువ, మందం ఎక్కువ. కాలు పొట్టను కలిసేచోట పదునైన మూల బదులు మెత్తటి వంపు. నార దిశ మీద ఉన్న కాలిలో నార అన్నిటికన్నా పొట్టిది, దాన్ని ఇంకొంచెం మందంగా ఉంచినా తప్పులేదు. ఊగకపోయినా గిన్నె ఒక పక్కకు వంగి ఉండవచ్చు. సమతలం మీద పెట్టి అంచు ఎత్తును మూడు చోట్ల కొలిచి, ఎత్తయిన కాలిని గాజు పలక మీద పరిచిన ఉప్పు కాగితంపై రుద్దితే సరిపోతుంది.

కాగితం 120 నుంచి మొదలుపెట్టి 180, 240, 320 వరకూ వరసగా వెళ్లాలి. 240 తర్వాత తడిగుడ్డతో తుడిస్తే అణిగిన నార లేస్తుంది. ఆరాక చివరి కాగితం దాన్ని తీసేస్తుంది. ఏటికొప్పాక పద్ధతిలో లక్క పూయాలంటే మాత్రం వరస మారుతుంది. తిరిగే చెక్కకు లక్క కర్రను ఒత్తిపెడితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఖాళీలు పడిన కాళ్ల మీద ఇది సాధ్యం కాదు. బయటి గోడకు లక్క మర మీదే పూసేసి, కాళ్లను తర్వాత చెక్కి నూనెతో వదిలేయాలి. మెరిసే గోడ కింద కర్ర రంగు కాళ్లు చక్కగా పొసగుతాయి. లక్క వేడికి మెత్తబడుతుంది గనుక అలాంటి గిన్నెలో పొగలు కక్కే అన్నం, పులుసు పెట్టరాదు.

నూనె మాత్రమే అయితే అవిసె నూనె మంచిది. కొబ్బరి, వేరుశనగ నూనెల్లా జిడ్డుగా ఉండిపోదు, గాలి తగిలి గట్టిపడుతుంది. రంగుల దుకాణంలో త్వరగా ఆరేందుకు లోహ లవణాలు కలిపి అమ్మేది తిండి గిన్నెకు వద్దు. పలచగా రాసి, పీల్చుకోనిది తుడిచి, రోజుల తరబడి ఆరనివ్వాలి. నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. తీగ మీద విప్పి ఆరేయాలి.

వాడిన గిన్నెను నానబెట్టకూడదు. కడిగి, తుడిచి, కాళ్ల మీదే నిలబెడితే అడుగుకు గాలి ఆడుతుంది. చదును అడుగు గిన్నెలో తడి నిలిచి నల్లబడే చోటే ఇక్కడ ఆరిపోతుంది. ఎప్పుడైనా కాలు విరిగితే ముక్కను పారేయకుండా, విరిగిన చోట గీకకుండా, అప్పటికప్పుడే జిగురు పెట్టి బిగించాలి. నార వెంట విరిగిన చెక్క తిరిగి బాగా కలుస్తుంది. ముక్క పోయిందంటే మిగిలిన రెండు కాళ్లనూ పొట్ట దాకా తీసేసి, అడుగును కొంచెం చదును చేస్తే అది కాళ్లు లేని గిన్నెగా పనికొస్తుంది. అడుగు 10 మిల్లీమీటర్ల మందం వదలడంలో ఈ వెసులుబాటు కూడా ఉంది.