‘పరిమాణాత్మకము’ – ఒక మాట, మూడు చిక్కులు

ఆంగ్లమందలి ‘క్వాంటిటేటివ్’ అను విశేషణమునకు మన రసాయనశాస్త్ర గ్రంథములు ‘పరిమాణాత్మకము’ అనియు, దాని జంటయైన ‘క్వాలిటేటివ్’కు ‘గుణాత్మకము’ అనియు వ్రాయుచున్నవి. అచ్చులో జంట చక్కగనే అమరినది. కాని ధనాత్మక, ఋణాత్మకములు చదివి వచ్చిన బాలునకు ‘గుణాత్మక’మనగనే గుణకారము తోచును, ‘పరిమాణ’మనగా ఘనపరిమాణము తోచును. తప్పు వానిది కాదు. భౌతికశాస్త్రమువారు వాడు ‘రాశి’ని రసాయనికులు ఏల విడిచిరో గాని, వేరూనిన మాటను ఇప్పుడు పెరుకుట మేలు కాదు, ప్రక్కన ‘ఏమున్నది’, ‘ఎంతున్నది’ అని విప్పి చెప్పిన చాలును.

అంకె కనబడినచోట నెల్ల పరిమాణాత్మకమనుట అంతకన్న పెద్ద చిక్కు. మన బోధను చెరకునే చూడుడు. 1930వ దశకమున శక్కర్‌నగరులో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, చెరకు పాఠము చెడలేదు. రెండు చుక్కల రసమును చేతి వక్రీభవనమాపకముపై వేసి చూడగా ‘20 బ్రిక్స్’ అని తెలిసిన దనుకొందము. “నూరు గ్రాముల రసములో ఇరువది గ్రాముల చక్కెర కలదు” అని విద్యార్థి వ్రాయును. అంకె సరియే, వాక్యము తప్పు. ఆ పరికరము కొలుచునది కాంతి వంగుటను. దానినిబట్టి కరిగియున్న ఘనపదార్థము లన్నిటిని సుక్రోజే యనుకొని లెక్కకట్టుదుము. గ్లూకోజు, ఫ్రక్టోజు, లవణములు అందులో చేరియే యుండును. సుక్రోజు పాలు తెలియుటకు ధ్రువణమాపకము కావలెను. ఆ అంకెను ‘పోల్’ అందురు. ఇరువది బ్రిక్స్ గల రెండు రసములలో ఒకదాని పోల్ 17, రెండవదానిది 15 అయిన, శుద్ధత 85, 75. రెండవ రసమును వండినపుడు చక్కెర తగ్గి మొలాసిస్ పెరుగును. తోట ఎప్పుడు కొట్టవలెనో తేల్చుకొను రైతుకు ఇది మాటల తగవు కాదు.

ఫెహ్లింగు పరీక్షను ‘గుణాత్మకము’ అని ముద్రవేయుటయు ఇట్టిదే. ఇటుకరంగు అవక్షేపము వచ్చిన క్షయకరణ చక్కెర ‘కలదు’ అని మాత్రమే తెలియును. కాని అదే ద్రావణముతో, 1923లో లేన్, ఐనన్ చూపిన రీతిని బ్యూరెట్టుతో అంశమాపనము చేసిన ‘ఎంత’యో తేలును. భేదము సీసాలో లేదు, అడిగిన ప్రశ్నలో నున్నది. (సుక్రోజు దీనికి లొంగదు, ముందు ఆమ్లముతో విడగొట్టవలెను. ఏటేట మరచునది ఇదే!)

ఇక మూడవది. “క్లోరైడు పరిమాణాత్మకముగ అవక్షేపించును” అను వాక్యమును చదివి ఎవరేమి గ్రహింతురు? ఇచట ఆంగ్ల విశేషణమునకు అర్థము వేరు: సిల్వర్ నైట్రేటు కొంచెము ఎక్కువగా కలిపినపుడు క్లోరైడు దాదాపు అంతయు అడుగున చేరును, ద్రావణమున మిగులునది లెక్కకు రాదు. అందువలననే ఆ అవక్షేపమును ఆరబెట్టి తూచి క్లోరైడు ఎంతో చెప్పగలము. అచట ‘దాదాపు పూర్తిగా’ అని వ్రాయవలెను.