గులాబిరంగు సాక్ష్యము చాలునా?

కొల్లేటి చుట్టుప్రక్కల చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు ఐసులో సర్దబడి లారీలలో దూరదేశములకు పోవుట మన విద్యార్థులు ఎరిగినదే. ఐసు కుళ్లును మందగింపజేయును. కాని చేపకొవ్వుపై ఆక్సిజను చేయు పనిని పూర్తిగ ఆపజాలదు. ఆ పనివలన అసంతృప్త కొవ్వు ఆమ్లములు విరిగి హెక్సనాలు, మలాన్‌డైఆల్డిహైడు మొదలగు ఆల్డిహైడులు పుట్టును. పాతనూనె వాసనకు ఇటువంటివి కారణము.

వీటిని అంచనా కట్టుటకు చిరకాలముగ వాడుకలోనున్నది థయోబార్బిట్యూరిక్ ఆమ్లపరీక్ష. నమూనాను ఆమ్లముతో కాచి, వచ్చిన గులాబిరంగును 532 నానోమీటర్ల వద్ద కొలుతురు. ఇది చౌక, సులభము. అయినను రెండు లోపములు కలవు. మొదటిది: కొన్ని చక్కెరలు, ఇతర ఆల్డిహైడులు కూడ ఈ కారకముతో రంగునిచ్చును. రెండవది ఇంకను పెద్దది: కాచునప్పుడే మిగిలిన కొవ్వు ఆక్సీకరణము చెంది క్రొత్త ఆల్డిహైడులు పుట్టవచ్చును. ధాన్యము తూచువాడు త్రాసుపై చేయి ఆనించినట్లే గదా!

ద్రవ్యరాశి వర్ణపటమాపకము ఇంతకంటె నమ్మదగిన సాక్షి. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో నారింజరంగు అవక్షేపము నిచ్చు 2,4-డైనైట్రోఫీనైల్ హైడ్రజీనే ఇక్కడను పనికివచ్చును. హెక్సనాలు అణుభారము 100, కారకముది 198. నీటి భారము 18 పోగా ఉత్పన్నము 280. ప్రోటాను నొకదానిని కోల్పోయి అది 279 వద్ద కనబడును. 12 డ్యుటీరియము పరమాణువులు గల హెక్సనాలును తెలిసిన మోతాదులో మొదటనే కలిపినచో, అది 291 వద్ద వేరుగ కనబడును. దారిలో కలుగు నష్టము రెండింటికిని ఇంచుమించు సమానమే కాబట్టి నిష్పత్తి చెడదు.

అట్లని యంత్రమును గ్రుడ్డిగ నమ్మరాదు. 2-హెక్సనోను అణుభారము కూడ 100 యే. అందుచే ముందుగ క్రొమటోగ్రఫీచే వేరుచేయవలెను. పైగా ఈ కారకమును సామాన్యముగ ఆమ్లముతోనే వాడుదురు. జంతు కణజాలములోని ప్లాస్మలోజెనులకు ఆమ్లము తగిలినచో, 16, 18 కార్బనుల కొవ్వు ఆల్డిహైడులు ఊడివచ్చును. అవి చేప పాడగుటచే పుట్టినవి కావు, మన చేతిపని. ఇక మాంసకృత్తులకు అంటుకొనిపోయిన ఆల్డిహైడులు లెక్కకే రాకపోవచ్చును.

కావున ఉపాధ్యాయులు "ఆల్డిహైడులు ఇంత" అను అంకె కనబడినప్పుడు విద్యార్థులచే మూడు ప్రశ్నలు అడిగింపవలెను: ఏ ఆల్డిహైడు? స్వేచ్ఛగ నున్నదా, అంటుకొని యున్నదా? నమూనాలో నుండెనా, పరీక్షలో పుట్టెనా? వీటికి జవాబులేని అంకె మంచి చేపల లారీని నిష్కారణముగ త్రిప్పిపంపగలదు. చెడ్డదానిని మన విస్తరి వరకు రానీయగలదు.