ఇబ్సెన్ ‘ప్రజాశత్రువు’ నాటకం: పురపాలక వ్యయదృష్టితో పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ 1882లో ప్రచురించిన ‘ప్రజాశత్రువు’ (ఇంగ్లీషులో ‘ఎన్ ఎనిమీ ఆఫ్ ది పీపుల్’) నాటకాన్ని సాధారణంగా ఏకాకి సత్యవాదికీ బహుసంఖ్యాకులకూ జరిగిన సంఘర్షణగా చదువుతారు. అయితే నాటకంలోని వివాదాన్ని నడిపించేది ఒక చిన్న పట్టణపు నీటిగొట్టాల పని, దానికయ్యే ఖర్చు, ఆ ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్న. ఈ ప్రశ్నను కేంద్రంగా తీసుకొని నాటకాన్ని తిరిగి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఇబ్సెన్, పురపాలన, ప్రజాధనం, స్థల నిర్ణయం, బహుసంఖ్యాకులు, సత్యజిత్ రాయ్.

1. ఉపోద్ఘాతం

దక్షిణ నార్వే సముద్రతీరంలోని ఒక పట్టణం ఆరోగ్య స్నానశాలలను నిర్మించుకుంటుంది. ముందరి ఏడాది అక్కడికి వచ్చిన అతిథులలో కొందరికి విషజ్వరాలు, ఉదరవ్యాధులు సోకుతాయి. స్నానశాలల వైద్యుడు థామస్ స్టాక్‌మన్ నీటి నమూనాలను విశ్వవిద్యాలయానికి పంపి పరీక్ష చేయించగా, ఎగువనున్న తోళ్ళ కర్మాగారాల మురుగు నీటిలో కలుస్తున్నట్లు తేలుతుంది. ఈ ఫలితం మొదటి అంకంలోనే వెల్లడవుతుంది. నీరు కలుషితమా కాదా అన్న సంశయం ప్రేక్షకుడికి ఆ తరువాత ఉండదు. మిగిలిన నాలుగు అంకాలకు కావలసిన సంఘర్షణ ఎక్కడినుంచి వచ్చిందన్నది ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్న. దానికి సమాధానం పట్టణపు జమాఖర్చులలో ఉంది.

2. స్థల నిర్ణయం

స్నానశాలల ఆలోచన డాక్టరుది. దాన్ని అమలు చేసినది తానేనని అతని అన్న, మేయరు పీటర్ అభిమానపడతాడు. స్నానశాలలనూ నీటిగొట్టాలనూ ఇప్పుడున్న చోటనే పెట్టాలని పట్టుబట్టింది పీటరే. నీటిని తీసుకునే చోటు మరీ దిగువన ఉందని పనులు మొదలుకాకముందే డాక్టరు వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి ఈ విపత్తు ప్రకృతి తెచ్చినది కాదు. చెప్పిన అభ్యంతరాన్ని తోసిపుచ్చి తీసుకున్న స్థల నిర్ణయం దీనికి మూలం. పీటర్ మేయరు మాత్రమే కాదు, పోలీసు అధిపతి, స్నానశాలల సంఘాధ్యక్షుడు కూడా. తప్పు చేసినవాడూ, దాన్ని విచారించవలసినవాడూ, శాంతిభద్రతల పేరుతో విచారణను ఆపగలవాడూ ఒక్కరే కావడం కథను ముందుకు నడిపే ఏర్పాటు మాత్రమే కాదు. చిన్న పట్టణాల పాలనపై ఇబ్సెన్ చేసిన నిశితమైన పరిశీలన ఇది.

స్నానశాలల వల్ల ఇళ్ళ విలువ, భూముల విలువ రోజురోజుకూ పెరుగుతున్నాయని, పేదల పోషణకు విధించే పన్ను భారం ఆస్తిపరులకు తగ్గిందని మొదటి అంకంలోనే పీటర్ సంతోషిస్తాడు. పట్టణాభివృద్ధిలో లాభం పొందినవారి జాబితా ఈ మాటలలో ఉంది. నష్టం వచ్చినప్పుడు ఆ జాబితాను ఎవరూ తిరిగి చూడరు.

3. నోటిమాటగా మిగిలిన అంచనా

గొట్టాలను తీసి ఎగువన తిరిగి వేయడానికి లక్షల క్రోనర్లు కావాలని, పనికి కనీసం రెండేళ్ళు పడుతుందని, ఆలోగా పొరుగు పట్టణాలు అతిథులను తమవైపు తిప్పుకుంటాయని రెండవ అంకంలో పీటర్ డాక్టరును హెచ్చరిస్తాడు. ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందో గమనించాలి. ఏదో పని కల్పించుకొని పట్టణ ఇంజనీరు వద్దకు వెళ్ళి, ఎప్పుడో ఆలోచించవలసిన విషయమన్నట్లు సగం పరిహాసంగా అడిగి తెలుసుకున్న సంగతి అది. కొలతలు తీసుకోలేదు, అంచనా పత్రం లేదు, సంఘంలో చర్చ జరగలేదు. అయినా మూడవ అంకానికి వచ్చేసరికి ఈ నోటిమాట అందరూ ఒప్పుకున్న సత్యంగా మారిపోతుంది. డాక్టరు నివేదికకు విశ్వవిద్యాలయ పరీక్ష ఆధారంగా ఉన్నా అది పత్రికలో అచ్చుకాదు. మేయరు తెచ్చిన వివరణ మాత్రం అచ్చవుతుంది.

అంకె కంటె దాని పంపకం ముఖ్యమైనది. స్నానశాలల యజమానులు ఇక ఒక్క క్రోనరు కూడా పెట్టే స్థితిలో లేరని, పని జరగాలంటే పట్టణమే అప్పు చేయాలని పీటర్ పత్రిక కార్యాలయంలో ప్రకటిస్తాడు. ఆ క్షణంలోనే ముద్రాపకుడు అస్లాక్సెన్ మనసు మారుతుంది. ఇళ్ళ యజమానుల సంఘానికి అధ్యక్షుడైన అతడు అంతవరకూ డాక్టరుకు బహుసంఖ్యాకుల మద్దతు ఉంటుందని హామీ ఇచ్చినవాడు. అస్లాక్సెన్‌ను కేవలం పిరికివాడిగా చిత్రించే విమర్శ ఇక్కడ తొందరపడుతుంది. అతని భయంలో స్వార్థం ఉంది. కాని లాభం యజమానులకూ నష్టం చిన్న వర్తకులకూ చేరే లెక్కను ఎదుట పెట్టినప్పుడు ఆ వర్తకుడు వెనుకంజ వేయడం అజ్ఞానం కాదు. ఆ లెక్క మార్చదగినదేనని అతనికి ఎవరూ చెప్పలేదు.

4. బహుసంఖ్యాకులు ఎవరు?

నాల్గవ అంకంలోని సభలో నివేదిక చదవడానికి అనుమతి దొరకక డాక్టరు బహుసంఖ్యాకులనే సత్యానికి శత్రువులుగా నిందిస్తాడు. నాటకపు కీర్తి చాలావరకు ఈ ఉపన్యాసం మీదనే నిలిచింది. అయితే 1837 చట్టాలతో నార్వేలో స్థానిక స్వపరిపాలన ఏర్పడినా, 1882 నాటికి ఓటు హక్కు ఆస్తి, హోదా షరతులకు లోబడిన పురుషులకే పరిమితం. సభలో తాగిన మనిషి కూడా తాను పన్ను కడుతున్నాను గనుక తనకూ హక్కు ఉందని అరుస్తాడు. ఆ కేకకు నవ్వినా, హక్కుకు కొలమానం పన్నేనని అది తెలియజేస్తుంది. అంటే డాక్టరు నిందించిన బహుసంఖ్యాకులు ప్రజలందరూ కారు.

ఇదే 1882లో మే 18న రిపన్ ప్రభుత్వం భారతదేశంలో స్థానిక స్వపరిపాలన తీర్మానాన్ని వెలువరించింది. నాటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు పట్టణాలకు వర్తించిన 1884 జిల్లా మునిసిపాలిటీల చట్టంలోనూ ఓటు పన్నుతో ముడిపడినదే. పన్ను కట్టేవాడి భయాన్ని ప్రజాభిప్రాయంగా చూపించే అవకాశం రెండు చోట్లా వ్యవస్థలోనే ఉంది.

5. లెక్కలో లేని పేరు

డాక్టరు భార్యకు పెంపుడు తండ్రి అయిన మోర్టెన్ కీల్ తోళ్ళ కర్మాగారం యజమాని. కాలుష్యంలో ప్రధాన భాగం తాతల నాటినుంచి వచ్చిన అతని కర్మాగారానిదే. అయినా మరమ్మతు ఖర్చులో అతని వాటా ఎంతని మేయరు అడగడు, అస్లాక్సెన్ అడగడు, చివరకు డాక్టరూ అడగడు. ఐదవ అంకంలో కీల్, డాక్టరు భార్యాబిడ్డలకు దక్కవలసిన సొమ్ముతో స్నానశాలల వాటాలు చౌకగా కొని, నివేదికను వదులుకోకపోతే కుటుంబం నష్టపోతుందని చెబుతాడు. ఖర్చును పేరు పెట్టి ఒకరికి అప్పగించినది నాటకం మొత్తంలో ఇతడొక్కడే. డాక్టరు చీటీ మీద మూడుసార్లు నిరాకరణ వ్రాసి పంపుతాడు. ఆ ధైర్యం నిస్సంశయం. కాని మురుగు పారించినవాడు ఎంత చెల్లించాలన్న ప్రశ్న అప్పటికీ పుట్టదు. సత్యాన్ని నిరూపించగలిగిన శాస్త్రజ్ఞుడికి దాని వ్యయాన్ని న్యాయంగా పంచే ప్రతిపాదన లేకపోవడం పాత్ర పరిమితి. డాక్టరు పరాజయానికి అదే ముఖ్య కారణం.

6. రాయ్ అనుసరణ

సత్యజిత్ రాయ్ ‘గణశత్రు’ (1989) చిత్రంలో స్నానశాలల స్థానంలో ఆలయ తీర్థం వస్తుంది. డాక్టర్ అశోక్ గుప్త తమ్ముడు నిశీథ్ పురపాలక సంఘాధ్యక్షుడు. యాత్రికుల రాబడి ప్రస్తావన ఉన్నా, సంఘర్షణ భారం విశ్వాసానికీ విజ్ఞానానికీ మధ్యకు జరుగుతుంది. భారతీయ సందర్భంలో ఈ మార్పుకు బలమైన కారణాలున్నాయి. అయితే దీనివల్ల ఇబ్సెన్ ఎత్తిచూపిన పన్ను, అప్పు, వాటాల పంపకం వెనుకకు పోయాయి. మూలంలో ప్రజలను ఆపినది లెక్క, అనుసరణలో ఆపినది భక్తి. భక్తిని శంకించిన ప్రేక్షకుడు లెక్కను శంకించకుండానే బయటకు రావచ్చు.

7. ముగింపు

‘ప్రజాశత్రువు’ను ఏకాకి వీరుడి కథగా మాత్రమే బోధించినప్పుడు, ప్రజలు సత్యాన్ని సహించరన్న నిర్ణయం విద్యార్థి మనసులో మిగులుతుంది. వ్యయదృష్టితో చదివితే వేరే ప్రశ్నలు ముందుకు వస్తాయి. మొదటి అభ్యంతర పత్రం ఏమైంది? అంచనా ఎవరు తయారుచేశారు? లాభం పొందినవారూ హాని చేసినవారూ ఎంత చెల్లిస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలలో ఒక్కటి సభలో వినిపించినా అస్లాక్సెన్ పక్షం చీలే అవకాశం ఉండేది. వాటిని అడిగే పాత్రను ఇబ్సెన్ సృష్టించలేదు. ఆ లోటును గుర్తించినప్పుడే నాటకం బహుసంఖ్యాకులపై తీర్పుగా కాక, ప్రజల ఎదుట లెక్కలు విప్పని పాలనపై అభియోగంగా అర్థమవుతుంది.