వారసత్వపు కొలువూ, మూడు దేశాల న్యాయస్థానాలూ

రాజ్యాంగాన్ని కాపాడేది న్యాయస్థానమేనని మన విద్యార్థులకు చెపుతూ వస్తున్నాం. ఎవరి కోసం, ఎంతవరకు అన్న ప్రశ్నలు మాత్రం ఆ పాఠంలో ఉండవు. గోదావరిఖనిలో బొగ్గు కార్మికుల మధ్య కూర్చున్నప్పుడు వాటిని తప్పించుకోవడం నాకు సాధ్యం కాలేదు.

2016 చివర సింగరేణి సంస్థ వారసత్వ ఉద్యోగాల పథకం ప్రకటించింది. రిటైరుమెంటుకు దగ్గరపడిన కార్మికుడు తప్పుకుంటే, అతనిపై ఆధారపడిన ఒకరికి ఉద్యోగం. ఇది 14, 16 అధికరణాలకు విరుద్ధమని 2017 మార్చిలో హైదరాబాదు హైకోర్టు కొట్టివేసింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. కోర్టులు తమ పొట్ట కొట్టినవని కార్మికులన్నారు. వారి బాధ నిజమే. అయినా అంత తేలికగా నేను తీర్పు చెప్పలేను.

ఎందుకంటే ఇదే 16వ అధికరణం కింద, 1960 డిసెంబరులో, గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు గ్రామ మునసబు ఉద్యోగం వంశపారంపర్యంగా ఇవ్వరాదన్నది. 1895 నాటి మద్రాసు చట్టపు నిబంధన చెల్లకుండా పోయింది. మునసబు కొడుకే మునసబు కారాదన్నప్పుడు సంతోషించిన మనం, ఈ సూత్రాన్ని మనవాళ్ల గుమ్మం ముందు వదిలేయగలమా?

ఇతర దేశాల సంగతి చూడండి. అమెరికాలో చట్టాలను కొట్టివేసే అధికారాన్ని న్యాయస్థానం 1803లోనే చేజిక్కించుకొన్నది. అయినా 1947లో, న్యూ ఆర్లియన్సు ఓడల పైలట్లు తమ బంధువులనే ఆ వృత్తిలోకి తీసుకొంటున్నారన్న కోచ్ కేసులో, అయిదుగురికి నలుగురుగా చీలి, ఆ పద్ధతిని నిలబెట్టింది. ఇంగ్లండులో పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టివేసే అధికారం కోర్టుకు లేనే లేదు. ప్రభువుల సభలో వారసత్వ సభ్యుల్లో అత్యధికులను 1999లో తొలగించింది పార్లమెంటే. మన 16వ అధికరణంలో మాత్రం వంశాన్ని బట్టి వివక్ష కూడదని స్పష్టంగా రాసి ఉన్నది. కులవృత్తుల దేశంలో ఆ మాట ఊరికే పడలేదు.

కాని మునసబుగిరీ అధికారం. బొగ్గుపని ఊపిరితిత్తులను అరగదీసే పని. ఒకడు పెత్తనాన్ని కొడుక్కు ఇవ్వజూశాడు, మరొకడు నెలజీతాన్ని. ఈ తేడా తీర్పుకు అందలేదు. అలాగే, గనికి భూమి పోగొట్టుకొన్న రైతు బిడ్డనూ, కాంట్రాక్టు కార్మికుని కూతురినీ వారసత్వం గేటు బయటే నిలబెడుతుందన్న సత్యం మన నినాదానికీ అందలేదు.

తరువాత వచ్చినవి కారుణ్య నియామకాలు. ఇప్పుడు కొడుక్కు ఉద్యోగం రావాలంటే తండ్రి తన శరీరం పనికిరాదని మెడికల్ బోర్డు ముందు రుజువు చేసుకోవాలి. సమానత్వాన్ని కాపాడిన తరువాత మిగిలిన దారి ఇది!

1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులుండేవారు. నేడు అందులో సగమైనా లేరు. ఓపెన్‌కాస్టు యంత్రాలూ, కాంట్రాక్టు పద్ధతీ ఆ స్థలాన్ని ఆక్రమించుకొన్నవి. గేటు అందరికీ సమానంగా తెరవమని కోర్టు చెప్పగలదు. గేటు లోపల ఎన్ని ఉద్యోగాలుండాలో చెప్పదు. తండ్రి ఉద్యోగం కొడుక్కు కావాలని కాక, ఊరి పిల్లలందరికీ స్థిరమైన ఉద్యోగం కావాలని అడిగే సంఘమే ఆ మాట చెప్పాలి. రాజ్యాంగానికి అటువంటి కాపలా ఏ దేశంలోనూ న్యాయమూర్తులు కాయలేదు.