కర్ట్జ్ సరే, మార్లో సంగతేంటి?

కోర్టు తీర్పుని సాహిత్యంలా చదవడం ఏంటని మీరు అడగొచ్చు. సల్వాజుడుం మీద 2011 జులై 5న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మాత్రం అలా చదవమనే అడుగుతుంది. రాసింది మన తెలుగాయన, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. మొదట్లోనే జోసెఫ్ కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' ప్రస్తావన వస్తుంది.

2005లో దంతెవాడలో మావోయిస్టుల మీదకి ప్రభుత్వ అండతో లేచింది సల్వాజుడుం. ఊళ్లు తగలబెట్టిన చేతుల్లో ఆదివాసీ కుర్రాళ్లవీ ఉన్నాయి. ఐదో తరగతి చదువు, నెలకి 3,000 రూపాయలు, తుపాకి, 'స్పెషల్ పోలీస్ ఆఫీసర్' అన్న పేరు. వాళ్లంతట వాళ్లే ఇష్టపడి చేరారని సర్కారు వాదన. తీర్పు ఆ 'ఇష్టం' అన్న మాటనే పట్టుకుని పొర పొరా విప్పింది. ఆకలీ, పగా, భయమూ తప్ప ఏం మిగలని పిల్లాడు సరేనంటే, అది ఒప్పుకోవడమేనా? అలాగని నేరాల్ని మాఫీ చెయ్యలేదు, విచారణ జరపమంది. కానీ నేరాన్ని ఆ కుర్రాడి దగ్గరే ఆగనివ్వలేదు. తుపాకి ఇచ్చినవాళ్ల దాకా, అడవి కింది ఖనిజం మీద కన్నేసిన ఆర్థిక విధానం దాకా తీసుకెళ్లింది. మావోయిస్టుల హింసనీ దాటెయ్యలేదు. (2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద వాళ్ల దాడిలో 30 మందికి పైగా పోయారు. పోయినవాళ్లూ ఆదివాసీలే.)

అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ కొత్త చట్టం చేసి, అదే కుర్రాళ్లని సహాయక సాయుధ దళంగా మార్చుకుంది. అది వేరే కథ.

నా పేచీ కాన్రాడ్ దగ్గరే. తీర్పుకి కావాల్సింది కర్ట్జ్, అంటే చేసినవాడు. కానీ ఆ కథ చెప్పేది మార్లో. ఎవర్నీ చంపలేదు. అన్నీ చూశాడు, తిరిగొచ్చాడు. కర్ట్జ్‌ని పెళ్లాడాల్సిన అమ్మాయి ఆఖరి మాటేంటని అడిగితే, నీ పేరేనని చెప్పాడు. ఆ అబద్ధం తీసేస్తే ఆ పుస్తకం కాంగో మీద ఇంకో ఫిర్యాదుగా మిగిలేది.

మాది ఖమ్మం. సరిహద్దు దాటి చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లోకి వేల మంది వచ్చిపడ్డారు. గుడిసెలేసుకుంటే ఫారెస్టువాళ్లు చాలాచోట్ల పీకేశారు. మిరపకోతలప్పుడు మాత్రం అందరికీ గుర్తొచ్చేవాళ్లు. 'కూలీలు దొరికారా?' అని అడగడమే విన్నాను గానీ, 'ఎందుకొచ్చారు?' అని ఎవరూ అడగ్గా వినలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చారట. వలస! వానల్లేకపోతే పాలమూరు నుంచి బొంబాయి పోయేది వలస. ఊరు తగలబడితే పారిపోయి రావడాన్నీ అదే మాటలో సర్దేశాం. మార్లో అబద్ధం కంటే ఇదేం చిన్నది కాదు.

చూస్తూ ఊరుకున్నవాణ్ణి బోనెక్కించడానికి సెక్షన్ లేదు, కోర్టుని తప్పుపట్టలేం. అయితే కాన్రాడ్‌ని తలుపు దగ్గర నిలబెట్టింది కోర్టే. మార్లో కూడా వెంట వస్తాడు కదా.

తీర్పు ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతుంది. లా పాయింట్ల కోసం కాన్రాడ్ పేరాలు దాటేసి చదవకండి.